నాయిన కాలు, మామిడికాయ పప్పు

మా నాయిన వెంకటనర్సు బండి మీంచి పడి మోకాలి కింది ఎముక విరగ్గొట్టుకున్నాడు. దవాఖానలో ప్లేటు వేసి పంపారు. పప్పు తింటే పుండు చీము పడుతుందని, ఏడాది దాకా ఇంట్లో పప్పు బంద్ అని మా అమ్మ శారదమ్మ హుకుం జారీ చేసింది. విరిగింది ఆయన కాలు, శిక్ష ఇంటిల్లిపాదికీ. నాకు ఒళ్లు మండిపోయేది.

కుట్లు మానాక నాయిన మళ్లీ మగ్గం ఎక్కాడు. ఒకరోజు లుంగీ పక్కకు తొలగితే చూశాను. మచ్చ మీద చిన్న రంధ్రం, అందులోంచి చీము. నాకు భయమేసింది. కాలు పోతే మగ్గం తొక్కేదెట్లా? మగ్గం లేకుండా మా నాయిన బతకలేడు.

అమ్మానాయినలిద్దరినీ ఎముకల డాక్టరు సుచరిత దగ్గరికి లాక్కెళ్లాను.

"చీము ఎప్పటినుంచి?" అని డాక్టరు అడిగింది.

నాయిన అమ్మ వైపు చూసి, "నిన్నటి సంది" అన్నాడు.

"పుండు చూస్తే పాతదే. మధ్యలో చీము తగ్గడానికి మాత్రలేమైనా మింగారా? మింగి దాస్తే పరీక్షలో క్రిమి దొరకదు. ఏమీ లేదనుకుని ఊరుకుంటే కాలికే ముప్పు."

"ఉషా, మీ అమ్మను జర బయట కూసోబెట్టు బిడ్డా" అన్నాడు నాయిన నాతో.

అమ్మ కుర్చీని గట్టిగా పట్టుకుంది.

"ఎండాకాలం సంది కారుతాంది డాక్టరమ్మా. మందుల దుకాణంల అడిగి మాత్రలు మింగుతున్న. పప్పు తిన్న, అందుకే ఇంట్ల చెప్పలే."

"ఎవలింట్ల తిన్నవ్?" అంది అమ్మ.

"మీ అన్న బక్కయ్య బిడ్డ పెండ్లిల. మామిడికాయ పప్పు."

అమ్మకూ బక్కయ్య మామకూ ఏళ్లుగా మాటల్లేవు. ఆ పెళ్లికి మా ఇంట్లో ఎవరం పోలేదనే అనుకుంటున్నాం.

డాక్టరు నవ్వు ఆపుకుంది. "పప్పుతో చీము రాదమ్మా. బాగా తినిపించండి, బలం" అంది. కొన్నాళ్లు మాత్రలు ఆపించి, తర్వాత ఎముక దగ్గరి నుంచి ముక్కలు తీసి పరీక్షకు పంపింది. క్రిమి దొరికింది, దానికి సరైన మందూ దొరికింది. కాలు నిలుస్తుందని చెప్పగానే నేను అక్కడే ఏడ్చేశాను.

ఇంటికొచ్చాక అమ్మ గిన్నెడు పప్పు వండి నాయిన ముందు పెట్టింది.

"పెండ్లిల పప్పు గిట్లనే ఉండెనా?"

"గది ఇంకా మంచిగుండె" అన్నాడు మా అమాయకుడు. నేను కళ్లు మూసుకున్నాను.

అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఉషా, మీ మామకు ఫోన్ కలుపు. పప్పు తినబెట్టి మా ఇంటాయన కాలు ఖరాబ్ చేసిండని అడుగుత."

"పప్పుతోని కాదని డాక్టరమ్మ చెప్పింది గదనే అమ్మా!" అన్నాను.

"నోర్మూస్కొని కలుపు."