ఊరందరిదీ ఒకటే పుట్టినరోజు

మనవడు అనుదీప్ పుట్టినరోజుకు తిరువూరు నుంచి కేకు తెచ్చినప్పుడు నాగేంద్రమ్మకు తినాలన్న ధ్యాసే లేదు. ఇంకా కోయని కేకు పక్కన కూర్చుని, దాని మీది గులాబిరంగు అక్షరాలనే చూస్తూ ఉండిపోయింది.

“ఎవరి పేరు చెబితే వాళ్ల పేరు రాస్తారటే?” అని మనవరాలు సుప్రజను చెవిలో అడిగింది.

“రాస్తారు నాయనమ్మా.”

“ముసలోళ్ల పేరు కూడానా?”

సుప్రజ నవ్వింది. ఆ రాత్రి మాత్రం ఆ మాటే గుర్తొచ్చింది. నాయనమ్మ పేరు రేషన్ కార్డు మీద ఉంది, పొలం పాసుపుస్తకం మీద ఉంది, పింఛను కాగితాల మీద ఉంది. ముచ్చటపడి మాత్రం ఇంతవరకు ఎవరూ ఎక్కడా రాయలేదు. ఎలాగైనా ఒక కేకు మీద రాయించాలని సుప్రజ అనుకుంది. అయితే నాన్నను అడగాలంటే నోరు పెగలాలి. బస్సులో టికెట్టు కూడా పక్కవాళ్ల చేత అడిగించే పిల్లకు అది అయ్యే పని కాదు.

డిసెంబరు ముప్పైన పరీక్ష అట్ట కొనడానికి తిరువూరు వెళ్లినప్పుడు, బస్టాండు ఎదురుగా చంద్రశేఖరం గారి బేకరీ ముందు కొత్త బోర్డు కనిపించింది.

‘సంవత్సరం మొదటి రోజున పుట్టినవారికి, పేరు రాసిన అరకేజీ కేకు ఉచితం. జనవరి 1న ఆధార్ కార్డు చూపించాలి.’

సుప్రజ దాన్ని రెండుసార్లు చదివింది. ఇంటికొచ్చీ రాగానే ట్రంకుపెట్టె తెరిచి నాయనమ్మ కార్డు తీసింది. తను అనుకున్నదే. 01-01-1953.

“నేను జనవరిలో ఎక్కడ పుట్టానే?” అంది నాగేంద్రమ్మ. “వరినాట్లప్పుడు పుట్టాను. మా అమ్మ పొలంలోంచి లేచి ఇంటికొచ్చి మరీ కన్నది.”

“కార్డులో జనవరి ఒకటి అని ఉందిగా.”

“ఆ కంప్యూటరాయన ఏ నెల అన్నాడు. నాట్లు అన్నాను. ఆయన ఏదో కొట్టుకున్నాడు.”

“ఆయన కొట్టింది మనకు కలిసొచ్చింది. ఒకటో తారీఖు పొద్దున్నే ఇద్దరం వెళ్లి తెచ్చుకుందాం. ఎవరికీ చెప్పకు.”

చెప్పనని నాగేంద్రమ్మ తల ఊపింది. సాయంత్రం కుళాయి దగ్గర పక్కింటి రావమ్మకు మాత్రం చెప్పింది. రావమ్మ బిందె అక్కడే వదిలేసి ఇంట్లోకి పరుగెత్తి తన కార్డు తెచ్చుకుంది.

“వదినా, నాదీ ఒకటో తారీఖే!”

ఊళ్లో పెద్దవాళ్లందరికీ ఒకే క్యాంపులో ఆ ఒక్క కంప్యూటరాయనే కార్డులు తీశాడన్న సంగతి సుప్రజకు అప్పుడు తట్టింది. పుట్టిన తేదీ తెలియదన్న వాళ్లందరినీ ఆయన జనవరి ఒకటిన పుట్టించేశాడు.

ఒకటో తారీఖు పొద్దున సుప్రజ తలుపు తీసేసరికి, అరుగు నిండా పట్టుచీరలు, చలవ పంచెలు. ఊళ్లో ఆటో నడిపే బాలశౌరి అప్పటికే బండి తెచ్చి పెట్టాడు.

“ఎక్కండెక్కండి. నాదీ అదే తారీఖు,” అన్నాడు. “నేను గుడ్‌ఫ్రైడే నాడు పుట్టానని మా అమ్మ చెప్పేది. కార్డు వేరే చెబితే నేనేం చేస్తాను?”

మొత్తం తొమ్మిది కార్డులు, తొమ్మిదిమంది మనుషులు, నాయనమ్మ ఒడిలో సుప్రజ. దారి పొడవునా సుప్రజ తల ఎత్తలేదు.

ఊరు మొత్తం మీద జనవరి ఒకటిన పుట్టినవాళ్లు ఎంతమంది ఉంటారులే అని చంద్రశేఖరం గారు నాలుగు కేకులు పక్కన పెట్టుకున్నాడు. మొదటి కార్డు చూడగానే ఆయన ముఖం వెలిగింది.

“హ్యాపీ బర్త్‌డే మామ్మగారూ!” అంటూ క్రీము గొట్టం అందుకుని రాయడం మొదలుపెట్టాడు.

ఇంతలో రావమ్మ తన కార్డు బల్ల మీద పెట్టింది. దాని పక్కన ఇంకొకటి పడింది. మరొకటి. చంద్రశేఖరం గారు రాయడం ఆపి, కార్డులన్నీ పేకముక్కల్లా పరిచి చూశాడు.

“ఇదేంటండీ, మీ ఊళ్లో ఏడాదికి ఒక్కరోజే కాన్పులవుతాయా?”

“మా ఊరి కాన్పులతో మీకేం పనయ్యా? కార్డులు చూశారుగా, కేకులివ్వండి,” అంది రావమ్మ.

“కార్డుల సంగతి అలా ఉంచండి. మామ్మగారూ, దేవుడి మీద ఒట్టేసి చెప్పండి. మీరు నిజంగా జనవరి ఒకటినే పుట్టారా?”

నాగేంద్రమ్మ జన్మలో దొంగ ఒట్టు వేసి ఎరగదు.

“లేదయ్యా. నాట్లప్పుడు పుట్టాను.”

వెనకనున్న ఎనిమిదిమందీ ఒక్కసారే ఉస్సురన్నారు. చంద్రశేఖరం గారు క్రీము గొట్టం కింద పెట్టేశాడు. కేకు మీద ‘నాగేం’ వరకే ఉంది.

సుప్రజ ఆ సగం పేరు వైపే చూసింది. కిందటి వారమే బడిలో ‘కొత్త సంవత్సరం కథ’ అనే వ్యాసానికి తనకు మొదటి బహుమతి వచ్చింది. చదవమంటే నోరు రాక, చివరికి టీచరే చదివింది. ఇప్పుడు నాయనమ్మ కొంగు లాగి, చెవిలో గబగబా ఏదో చెప్పింది.

“మా మనవరాలు చెబుతోందయ్యా,” అని నాగేంద్రమ్మ గొంతు పెంచింది. “జనవరి ఒకటి కూడా పుట్టుకతో మొదటి రోజు కాదంట!”

“అంటే?”

మళ్లీ చెవిలో గుసగుస.

“పూర్వం రోములో ఏడాది మార్చిలో మొదలయ్యేదంట. తర్వాత అక్కడి ఆఫీసర్లు కుర్చీ ఎక్కే రోజు జనవరి ఒకటిన పెట్టుకుని, ఏడాదిని కూడా అక్కడికే లాక్కొచ్చారంట. ఇంగ్లీషువాళ్లయితే మొన్నమొన్నటి దాకా మార్చి ఇరవై అయిదున చేసుకున్నారంట.”

“మొన్నంటే ఎప్పుడు?”

గుసగుస.

“పదిహేడు వందల యాభై ఒకటి దాకా. నాకంటే కొంచెం పెద్దోళ్లులే.”

కేకులు కొనడానికి వచ్చినవాళ్లు కొనడం మానేసి చుట్టూ మూగారు. నాగేంద్రమ్మకు ఊపొచ్చింది. ఆ తర్వాతి ముక్క సుప్రజ చెప్పింది కాదు, ఆమె సొంతమే.

“మనకేమో ఉగాది. గవర్నమెంటుకేమో ఏప్రిల్. ఏడాది పుట్టినరోజే ఎవరికి తోచినట్టు వాళ్లు రాసుకున్నారు. నాది కంప్యూటరాయన రాశాడు. తేడా ఏంటయ్యా?”

జనం గొల్లుమన్నారు. చంద్రశేఖరం గారికి నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు.

“వెనక నుంచి అందించడం కాదమ్మాయ్. ముందుకొచ్చి నీ నోటితో నాకు వినపడేలా ఒక్క మాట చెప్పు. నేను ఒప్పుకోవాల్సిన మాట అయితే కేకులిస్తాను.”

సుప్రజ నాయనమ్మ కొంగు వదిలి ముందుకొచ్చింది. చుట్టూ అన్నీ ముఖాలే. ఎటు చూడాలో తెలియక గల్లాపెట్టె వైపు చూసింది. అక్కడ ప్లాస్టిక్ కుర్చీలో చంద్రశేఖరం గారి తల్లి శ్యామలాదేవి కూర్చుని, తమాషా చూస్తూ కారప్పూస తింటోంది. ఆవిడకూ నాయనమ్మ వయసే ఉంటుంది.

“మీ అమ్మగారి కార్డులో ఏ తారీఖుందండీ?” అంది సుప్రజ. తన గొంతు అంత గట్టిగా వినపడేసరికి తనే ఉలిక్కిపడింది.

చంద్రశేఖరం గారు ఓరగా తల్లి వైపు చూశాడు.

శ్యామలాదేవి కారప్పూస పొట్లం పక్కన పెట్టింది. “చెప్పరా చంద్రం, చెప్పు. నాదీ ఒకటో తారీఖే కదా? పదిహేనేళ్ల నుంచి బేకరీ నడుపుతున్నావు. ఏనాడైనా నా పేరు రాసి ఒక్క కేకు ఇచ్చావురా?”

 చంద్రశేఖరం గారు క్రీము గొట్టం తీసుకుని ‘నాగేం’ పక్కన ‘ద్రమ్మ’ రాశాడు. మిగిలిన మూడు కేకుల మీద మూడేసి పేర్లు ఇరికించాడు. శ్యామలాదేవి దగ్గరుండి తన పేరు అన్నిటికంటే పైన రాయించుకుంది.

తిరుగుదారిలో రావమ్మ వాళ్లు ఆటోలోనే తమ కేకులు ఖాళీ చేశారు. నాగేంద్రమ్మ మాత్రం డబ్బాను ఒడిలో పెట్టుకుని రెండు చేతులూ అడ్డం పెట్టింది.

“అంచులు తినండి. పేరు మీద కత్తి పెడితే ఊరుకోను.”

“బాలశౌరి బాబాయ్, మెల్లగా పోనీ! అక్షరాలు చెదురుతాయి,” అని కేకేసింది సుప్రజ. అందరూ ఆ పిల్ల వైపు వింతగా చూశారు.

మర్నాడు బస్టాండుకు వెళ్లొచ్చిన బాలశౌరి ఒక వార్త మోసుకొచ్చాడు. బేకరీ బోర్డు మారిందట. వచ్చే ఏడాదికి ఆధార్ చెల్లదట. పుట్టినప్పుడు కళ్లారా చూసినవాళ్లను వెంట తీసుకురావాలట.

సుప్రజ ముఖం వాడిపోయింది. నాగేంద్రమ్మ మాత్రం అప్పటికి కేకు మీద మిగిలిన తన పేరును వేలితో కొంచెం కొంచెం తీసుకుని నాకుతోంది.

“ఓస్, అంతేనా? ఎ.కొండూరులో మా పెద్దక్క ఉందిగా. నేను పుట్టినప్పుడు పక్కనే ఉంది.”

“ఆవిడ నాట్లప్పుడే పుట్టావని చెప్పేస్తుందిగా నాయనమ్మా?”

“తన పేరూ రాయిస్తామని చెప్పి చూడు. పన్నెండు కొట్టగానే టపాకాయల మధ్య నేను పుట్టానని చెబుతుంది.”