లిఫ్టన్న దిగిన అంతస్తు

"తోసుకోకండి, ఎవర్నీ వదిలేసి పోను," అంటూ లిఫ్టన్న ఆఖరి మనిషి ఎక్కేదాకా తలుపు తెరిచిపెట్టే బటన్ మీంచి బొటనవేలు తీయలేదు. ఇరవై ఆరేళ్లుగా ఆ ఎనిమిదంతస్తుల మేడలో ఆయన పని అదే, పైకీ కిందికీ. మొహాలు గుర్తుండవు గానీ, ఎవరిది ఏ అంతస్తో ఇట్టే చెప్పేస్తాడు. "రోజుకు వందసార్లు పైకెళ్తాను, సాయంత్రానికి నేలమీదే తేలతాను. ఈ ఎదుగుదల పగవాడికి కూడా వద్దు," అని నవ్వించేవాడు. భార్య పోయాక ఆ నవ్వించడం మానేశాడు.

ఆరో అంతస్తులో హిప్నాసిస్‌తో వైద్యం చేసే డాక్టరమ్మ గది ఉంది. మొహం వేలాడేసుకుని ఎక్కినవాళ్లు గంట తిరిగేసరికి తేలికపడి దిగడం ఆయన ఏళ్ల తరబడి చూశాడు. ఆ మధ్యాహ్నం భోజనం వేళ లిఫ్టుకు తాళం వేసి, ఆయాసపడుతూ మెట్లెక్కి వెళ్లాడు.

ఆమె ముందుగా నిద్ర, మందులు, పాత జబ్బులు అన్నీ అడిగి రాసుకుంది.

"గుండె బాగానే ఉందా?"

"గట్టిదేనమ్మా. అదే వచ్చిన చిక్కు."

"మరి దేనికొచ్చారు?"

"ఆఖరి రోజు పొద్దున మా ఆవిడ మంచంలోంచి 'ఒక్క నిమిషం ఆగండి, ఒక మాట చెప్పాలి' అంది. డ్యూటీకి టైమైందని వచ్చేశాను. ముక్కూమొహం తెలీనివాళ్లకి తలుపు పట్టుకుని నిలబడతానమ్మా, దానికోసం ఆగలేదు. ఆ మాటేంటో నాకు తెలియాలి."

"పోయినవాళ్ల మాట నేను తెప్పించలేను, లిఫ్టన్నా. మీ మనసులో బరువు కాస్త దించగలను, అంతే. ఇందులో నిద్రపోరు. నా గొంతు వినబడుతూనే ఉంటుంది. మీకిష్టం లేని పని ఎవరూ చేయించలేరు. ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు కళ్లు తెరిచి లేచిపోవచ్చు. నేను పది నుంచి ఒకటి దాకా లెక్కపెడతాను, ఒక్కో మెట్టూ దిగుతున్నట్టు అనుకోండి."

మెట్లు ఆయనకు గిట్టవు. అందుకని తన లిఫ్టులోనే దిగాడు. పది. తొమ్మిది. ఒళ్లు బరువెక్కింది. నాలుగు. మూడు. ఒకటి దగ్గర డాక్టరమ్మ ఆగింది. లిఫ్టు ఆగలేదు.

ఆ మేడకు నేల కింద గదులు లేవని ఆయనకు తెలుసు. అయినా అది చప్పుడు లేకుండా దిగుతూనే ఉంది. చలి మోకాళ్లదాకా వచ్చింది. భయమేసింది. కళ్లు తెరవొచ్చన్న సంగతీ గుర్తుంది. తెరవలేదు.

తలుపు తెరుచుకుంది. పొడవాటి నడవా చివర, ఆనాటి దుప్పటే కప్పుకుని, గోడ పట్టుకుని వాళ్లావిడ ఒక్కో అడుగే వేస్తూ వస్తోంది.

"ఆగండి, వస్తున్నా."

"తొందరేం లేదు. తలుపు పట్టుకునే ఉన్నా," అన్నాడాయన.

ఆ మాట డాక్టరమ్మకూ వినబడింది. ఒకటి నుంచి అయిదు దాకా లెక్కపెట్టి లేపబోయింది. లేవలేదు. మళ్లీ లెక్కపెట్టింది. భుజం తట్టింది, నాడి చూసింది, అందలేదు. ఆస్పత్రికి ఫోన్ చేసింది. కింద జనం లిఫ్టు కోసం గంట కొడుతూనే ఉన్నారు. తాళంచెవి ఎక్కడుందో ఎవరికీ తోచక ఆయన్ని మెట్లమీదుగానే దించారు.

డాక్టరమ్మ గదిలోకి తిరిగొచ్చింది. కుర్చీ కుడిచేతి మెత్తమీద, ఆయన బొటనవేలు నొక్కిపట్టిన చోట చిన్న గుంట ఉంది. అరచేత్తో రెండుసార్లు సవరించింది, పూడలేదు. సాయంత్రం గదికి తాళం వేసేముందు మళ్లీ చూసింది. గుంట ఇంకాస్త లోతుకు దిగింది.