కుడివైపు గొట్టం

మా మెకానిక్ షెడ్డులో ఒక పద్ధతి ఉండేది. బండి ముందు చక్రాన్ని రెండు వైపులా మోసే ఫోర్కు గొట్టాల పని వస్తే ఎడమ గొట్టం మావాడిది, కుడి గొట్టం మా ఆయనది. తండ్రీకొడుకులు చక్రానికి చెరోపక్క పీట వేసుకుని కూర్చునేవారు. కింద స్క్రూ తీసి మురికి నూనె దించి, పై మూత విప్పి కొత్త నూనె పోసేవారు. ఒకరి పక్కకి ఇంకొకరు తొంగి చూసేవారు కాదు. మావాడికి మీసం రాకముందు నుంచీ అదే వరస. గుంటలో పడి లేచిన చక్రం గెంతుతూ పోకుండా పట్టి ఆపేది ఆ నూనే. ఇన్నేళ్ళు వాళ్ళిద్దరికీ వండి పెట్టినదాన్ని, నాకు ఆ మాత్రం తెలుసు.

తర్వాత ఆయన చేతులకు వణుకు వచ్చింది. మొదట టీ గ్లాసులో కనిపించింది, ఆ తర్వాత స్పానరులో. ఇది తగ్గే జబ్బు కాదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. వీధిలో వాళ్ళు వణుకు మేస్త్రి అని పేరు పెట్టారు. నా ఎదుట ఎవడూ అనలేదు గానీ, అని ఉంటే ఆ నోట్లో గ్రీజు కుక్కేదాన్ని.

నూనె నేలపాలవుతోందని పోయడం ఆయనే మానుకున్నాడు. రౌండు మాత్రం మానలేదు. ఏ బండి అయినా ఆయన వీధి చివరి దాకా నడిపి చూసి "ఊ" అంటేనే షెడ్డు దాటాలి. ఒకసారి ఒక బండి ముందు చక్రం ఊగుతోందన్నాడు. మావాడు మొత్తం విప్పి చూశాడు, ఏమీ లేదు. ఆ బండి మనిషి నవ్వుతూ "ఊగేది బండి కాదు మేస్త్రీ" అని వెళ్ళిపోయాడు. మావాడికి తల కొట్టేసినట్టయింది. అప్పటి నుంచి ఆయన "ఊ" అన్నా అనకపోయినా బండి వెళ్ళిపోయేది. తన మాట చెల్లడం లేదన్న దిగులు ఆయన్ని జబ్బు కన్నా ఎక్కువ తినేసింది.

అలాంటి రోజుల్లో మా అల్లుడు తన బండికి ఫోర్కు నూనె మార్చమని వదిలి వెళ్ళాడు. మందుల డబ్బాలు దుకాణాలకు చేరవేసే ఉద్యోగం అతనిది. నేను తొందరయ్య అని పిలిచేదాన్ని. అన్నం కూడా నిలబడే తినేవాడు. "కాళ్ళకి చక్రాలున్నాయా బాబూ?" అంటే, "ఉన్నాయి అత్తయ్యా, వాటికీ మామయ్యే సర్వీసింగ్ చెయ్యాలి" అనేవాడు. కడుపున పుట్టినవాడి కన్నా ఆ అబ్బాయి దగ్గరే నాకు చనువెక్కువ. ఆ బండి పని మావాడు ఒక్కడే చేశాడు. ఆయన గోడ పక్కన పీట మీద కూర్చుని, నేనిచ్చిన టీ రెండు చేతులతో పట్టుకుని తాగాడు.

మర్నాడు పొద్దున అల్లుడు బండి కోసం వచ్చేసరికి ఆయన రౌండు ముగించుకుని వస్తున్నాడు. బండి దిగకుండానే అన్నాడు.

"ముందు చక్రం ఎగురుతోందిరా."

మావాడు నిట్టూర్చాడు. బండిని సెంటర్ స్టాండు మీద ఎక్కించి, ముందు చక్రం గాల్లోకి లేపి గిర్రున తిప్పాడు. స్క్రూ డ్రైవరు మొన రిమ్ముకు ఆనీ ఆనకుండా పట్టుకున్నాడు. రిమ్ము ఎక్కడా దానికి తగల్లేదు, అంటే వంకర లేదు. టైరుకు ఉబ్బు లేదు, బేరింగు వదులు లేదు.

"చూడు నాన్నా. బంగారంలా తిరుగుతోంది."

"గాల్లో తిప్పితే అన్నీ బాగానే తిరుగుతాయి. నేల మీద గుంట దాటాక చూడు. ఒక్కసారి ఎగిరి ఊరుకోవాలి. ఇది ఊరుకోవడం లేదు."

మావాడు బండి కిందికి దించి, బ్రేకు పట్టుకుని హ్యాండిలు గట్టిగా నొక్కాడు. బండి కిందికి వెళ్ళి పైకి వచ్చింది. "కాస్త మెత్తగా ఉంది. కొత్త నూనె కదా, అలాగే ఉంటుంది" అన్నాడు. గొంతుక్కూర్చుని రెండు గొట్టాలకూ నూనె ఆపే సీళ్ళ మీద వేలు రాసి చూపించాడు. "చుక్క కారడం లేదు. పొడిగా ఉన్నాయి. ఇంకేం కావాలి?"

"ఒక్కసారి విప్పరా."

"సాయంత్రం వచ్చి వదిలేస్తాను మామయ్యా, అప్పుడు తీరిగ్గా విప్పుకోండి" అన్నాడు అల్లుడు, డబ్బాలు వెనక సీటుకు కడుతూ.

"నాన్నా, ఎగిరేది చక్రం కాదు. నీ చెయ్యి" అన్నాడు మావాడు.

ఆయనకి కోపం రాలేదు. రెండు చేతులూ ముందుకు చాపాడు. "ఇవి కూర్చున్నా వణుకుతాయి, పడుకున్నా వణుకుతాయి. గుంట వచ్చినప్పుడే ఎగరడానికి వీటికేమన్నా గుంట కనపడుతుందట్రా?"

ఆ మాట నిజమే. అయినా నేను కల్పించుకున్నాను. "ఏమయ్యా, పిల్లాడికి ఆలస్యమవుతోంది, వదిలెయ్" అన్నాను. అల్లుడు నవ్వి హెల్మెట్ పెట్టుకున్నాడు. ఆయన గేటు దాకా వెంట వెళ్ళి, "బాబూ, ముందు బ్రేకు గట్టిగా పట్టకు" అన్నాడు. "అలాగే మామయ్యా" అంటూనే బండి మలుపు తిరిగింది.

వంతెన దిగే చోట తారు అలలు అలలుగా లేచిపోయి ఉంటుంది. అక్కడ ముందు పోతున్న కారు ఉన్నట్టుండి ఆగింది. అల్లుడు బ్రేకు వేశాడు. చక్రం బంతిలా గెంతుతూ పోయిందని, బండి కింద నుంచి జారిపోయిందని చూసినవాళ్ళు చెప్పారు. వెనక లారీ వస్తోంది. ఆసుపత్రికి చేరే లోపే ప్రాణం పోయింది.

కర్మలన్నీ అయ్యాక బండిని షెడ్డుకు తెచ్చి పడేశారు. మా వియ్యంకుడు వచ్చాడు. అరవలేదు, తిట్టలేదు. "నా కొడుకు బండిలో ఏముందో నా కళ్ళ ముందు విప్పండి" అన్నాడు. మా అమ్మాయి గుమ్మంలో కూలబడి చూస్తోంది.

మావాడు ఎడమ గొట్టం స్క్రూ తీశాడు. కొత్త నూనె ధారగా పళ్ళెంలోకి దిగింది. కుడివైపుకు వెళ్ళి స్క్రూ తీశాడు. ఏమీ రాలేదు. గొట్టాన్ని కదిపాడు. గాలి బుస్సుమంది గానీ చుక్క రాలేదు.

మావాడు గోడ పక్కన పీట వంక తల తిప్పాడు. నాకు అంతా అర్థమైపోయింది. రెండు వైపులా మురికి నూనె దించాడు, తన గొట్టంలో కొత్తది పోశాడు, లేచి రెండు మూతలూ బిగించాడు. కుడివైపు నాన్నది. ఆ నాన్న గోడ పక్కన టీ తాగుతున్నాడన్న సంగతి వాడి చేతులకు గుర్తు లేదు. సీలు పొడిగా ఉందని మురిసిపోయాడు. లేని నూనె ఎక్కడి నుంచి కారుతుంది?

"ఈ వైపు ఎవరు పోశారు?" అన్నాడు వియ్యంకుడు.

మావాడు వంగి స్క్రూ తుడవసాగాడు. చెప్పరా అని వాడి వంకే చూస్తూ నిలబడ్డాను.

"నేనే" అన్నాడు ఆయన పీట మీద నుంచి. "కుడివైపు ఎప్పుడూ నాదే. పోశాననే అనుకున్నాను."

అందరూ ఆయన చేతుల వంక చూశారు. అమ్మాయి లేచి వచ్చింది. "ఆ చేతులతో ఎందుకు ముట్టుకున్నావు నాన్నా? ఎవరు ముట్టుకోమన్నారు నిన్ను?" అని ఆయన భుజాలు పట్టుకుని ఊపేసింది. నేను నోరు తెరిచాను. ఆయన నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. అది వణుకు కాదు.

వాళ్ళు వెళ్ళాక వంటింట్లో ఆయన్ని నిలదీశాను. "విప్పరా అని మొత్తుకున్నది నువ్వు కదయ్యా!"

"ఒకడు పోయాడు. రెండోవాడైనా తల ఎత్తుకుని షెడ్డు నడపాలి కదా" అన్నాడు. మళ్ళీ తనే అన్నాడు. "చక్రం ఎగురుతోందంటే ఒక్కరూ నమ్మలేదు. ఇది మాత్రం వెంటనే నమ్మేశారు, చూశావా?"

మావాడు ఇప్పుడు రెండు గొట్టాలూ తనే పోస్తాడు. కుడివైపు మూత బిగించి, మళ్ళీ విప్పి చూసుకుంటాడు. రౌండు కొట్టమని తండ్రిని పిలవడు, ఆయన ముఖం కూడా చూడడు. అమ్మాయి ఎప్పుడైనా వస్తే, ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని పైన తువ్వాలు కప్పుకుంటాడు. ఆ తువ్వాలు కదులుతూనే ఉంటుంది. అది చూసి అమ్మాయి లేచి లోపలికి వెళ్ళిపోతుంది. దాని జబ్బ పట్టి వెనక్కి లాగి నిజం చెప్పెయ్యాలని ఉంటుంది. షెడ్డులోంచి కొడుకు దగ్గు వినిపిస్తుంది. నేను కూతురికి కంచం పెట్టి, అన్నం వడ్డిస్తాను.