మొదటి వాన నీళ్ళు

ఆ ఇంటి మగవాళ్ళ మీసాలన్నీ నేలతొట్టి మీదే నిలబడ్డాయి. పొలం మధ్యలో ఇల్లు, ఇంటి వెనక పశువుల పాక, ఆ రెంటికీ నడుమ భూమిలోకి రెండు నిలువుల లోతున కట్టిన ఇటుకల తొట్టి. పాక రేకుల మీద పడిన వాన ఒక గొట్టంలోంచి అందులోకి దిగుతుంది. పైన ఇనప మూత, మూతకు తాళం, తాళంచెవి ఇంటి పెద్ద అయిన మామగారి నడుముకు. చుట్టుపక్కల పొలాల వాళ్ళంతా బోర్లు వేయించుకున్నా ఈ ఇంట్లో మాత్రం చేతిపంపు కొట్టి తొట్టి నీళ్ళే తాగేవారు. "మా తాత కట్టించింది. ఆకాశం నుంచి సరాసరి మా గొంతులోకే," అని మామగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. సరాసరి అట! నడుమ రేకుల మీద పావురాల మంద కాపురం చేస్తోందన్న సంగతి మాత్రం చెప్పేవారు కాదు.

పావురాలకీ ఒక ఏర్పాటుంది. చూరు కింద గొట్టానికి ఒక మెడ ఉంటుంది. నిచ్చెన వేసుకుని ఎక్కి, అటు తిప్పితే నీళ్ళు కాలవలోకి పోతాయి, ఇటు తిప్పితే తొట్టిలోకి. ఏటా మొదటి రెండు వానలూ రేకులు కడిగి కాలవలో పడాలి. మూడో వానకే మెడ తొట్టివైపు తిప్పాలి. అది ఇంటి పెద్ద చెయ్యాల్సిన పని, ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. మూత కూడా తెరవకూడదు, వెలుతురు తగిలితే నీళ్ళు పాచిపడతాయట.

కోడలు ఈ మాటలన్నీ నమ్మింది. నమ్మి, పది నెలల కూతురికి పాలపొడి ఆ నీళ్ళలోనే కలిపింది. కాచి పడతానని మొదట్లో ఒకసారి అంటే మామగారు ముఖం చిట్లించారు.

"కాస్తే నీళ్ళలో జీవం పోతుందమ్మాయ్. నీ మొగుణ్ణి ఈ నీళ్ళతోనే పెంచాం."

మొగుడు అక్కడే ఉన్నాడు. నవ్వి ఊరుకున్నాడు.

రెండు నెలలుగా పాపకు విరేచనాలు. మందు వేస్తే రెండు రోజులు ఆగడం, మళ్ళీ మొదలు. క్రితం వారం పిల్ల కళ్ళు లోపలికి పోయి, ఏడవడానికి కూడా ఓపిక లేక తల వేలాడేసింది. నాలుగు రోజులు ఆస్పత్రిలో సెలైన్ ఎక్కించారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది. "ఇంకోసారి ఇలా అయితే ఇక్కడికి తెచ్చేలోపే చెయ్యి దాటిపోతుంది. ముందు ఆ నీళ్ళ సంగతి చూసుకోండి."

మర్నాడు పొద్దున్నే కోడలు తొట్లు కడిగే మనిషిని పిలిపించింది. అతన్ని అందరూ జలగ అంటారు. దిగాడంటే అడుగు కనిపించేదాకా వదలడు, అందుకని. జలగ బకెట్టూ తాడూ దించుకుంటూ ఉండగానే మామగారు ఇంతెత్తున లేచారు.

"నేను బతికుండగా మూత తీయడానికి వీల్లేదు!"

"అయితే తాళం పగలగొట్టిస్తాను మావయ్యగారూ," అంది కోడలు.

ఆ గొంతు ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ వినలేదు. పెద్దాయన తాళంచెవి విప్పి నేల మీద పడేశారు.

మూత లేచింది. ముందు వాసన వచ్చింది. చచ్చినదేదో ఉడికినట్టు, దాని మీద మురిగిన గుడ్డు పగలగొట్టినట్టు ఒక వెచ్చని కంపు. గొంతులోకి దిగి అక్కడే కూర్చుంది. జలగ దీపం వెలిగించి తాడుతో లోపలికి దించాడు. అది ఆరిపోలేదు, అంటే మనిషి దిగొచ్చు. మిల్లుకు సెలవు పెట్టి ఇంట్లో ఉన్న భర్త తాడు పట్టుకున్నాడు. జలగ నడుముకు కట్టుకుని దిగాడు. ఎండాకాలం కదా, నీళ్ళు తొడల దాకానే ఉన్నాయి.

మొదటి బకెట్టులో పాచి వచ్చింది, చీమిడిలా సాగుతూ. రెండో దాంట్లో పందికొక్కు. బొచ్చంతా ఊడిపోయి, పొట్ట ఉబ్బి, ముట్టుకుంటే చర్మం చేతికొచ్చేలా ఉంది. కప్పల కాళ్ళు విడిగా తేలుతున్నాయి. మూడో బకెట్టు పైకి రావడానికి చాలాసేపు పట్టింది. అంత బరువుగా, బూడిదరంగు ముద్దతో నిండి ఉంది.

"మట్టి అడుక్కి చేరిందా?" అన్నారు మామగారు పైనుంచి.

"మట్టి కాదయ్యా, రెట్ట," జలగ గొంతు తొట్టిలో మోగింది. "గొట్టం కిందే కుప్ప. జానెడు మందం ఉంది."

కోడలు పాక వెనక్కి పరిగెత్తి కక్కుకుంది. పాలసీసా కళ్ళముందు కదిలింది. ఈ రెట్ట ఊరిన నీళ్ళనే కదా తను సీసాలో పోసి, గిలకొట్టి, పిల్ల వద్దని ముఖం తిప్పుకుంటే జోకొట్టి మరీ పట్టింది! తన చేతులు తనకే రోతగా అనిపించాయి.

తిరిగొచ్చేసరికి జలగ పైకెక్కి కాళ్ళు తుడుచుకుంటున్నాడు. "తప్పుగా అనుకోకండి. మొదటి వానలు లోపలికి వదిలారు. పొరలు చూస్తే రెండేళ్ళుగా వదులుతున్నట్టుంది."

మామగారు ఒక్కసారిగా విరుచుకుపడ్డారు.

"వానలేవీ? రెండేళ్ళుగా గట్టిగా నాలుగు పడ్డాయా? అందులో రెండు కాలవలో పారబోస్తే తొట్టి సగం కూడా నిండదు. వేసవిలో బిందె పట్టుకుని పక్కవాళ్ళ బోరు దగ్గర నిలబడమంటావా? నేనా?"

"నిలబడితే ఏం పోయేది మావయ్యగారూ?"

పెద్దాయన విసురుగా పంపు కొట్టి, గ్లాసు నింపి, గటగటా తాగేశారు. "చూడు, నాకేమైంది? ఏమైంది నాకు?" ఎందుకో కోడలికి ఆయన మీద కోపం నిలబడలేదు. ముసలాయన మూర్ఖుడే. కాని ఆ నీళ్ళను నమ్మాడు, నమ్మి తాగుతున్నాడు.

అప్పుడు తట్టింది ఆమెకు. మోకాళ్ళ నొప్పితో రెండు మెట్లు ఎక్కలేని మనిషి నిచ్చెన ఎలా ఎక్కాడు?

"మెడ ఎవరు తిప్పారు?"

మామగారు కొడుకు వైపు చూశారు. కొడుకు తాడు చుట్టడంలో మునిగిపోయాడు.

"నాన్న తిప్పమన్నారు, తిప్పాను," అన్నాడు చివరికి. "ఎవరికీ చెప్పొద్దన్నారు. ఇంటి పరువు కదా."

"పాపని ఆస్పత్రికి ఎత్తుకెళ్ళింది మీరే. డాక్టరమ్మ ఏ నీళ్ళు అని అడిగినప్పుడు పక్కనే ఉన్నారు."

అతను నీళ్ళు నమిలాడు. ఆమె పంపు దగ్గరికి వెళ్ళి ఇంకో గ్లాసు నింపి అతని ముందు పెట్టింది.

"తాగండి."

"ఇప్పుడా? ఇప్పుడు దాహం లేదు."

"ఒక్క గుక్క."

అతని చెయ్యి లేవలేదు. గ్లాసు వైపు చూడను కూడా చూడలేదు, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆ తిప్పుకోవడంలో ఆమెకు రెండేళ్ళూ కనిపించాయి. ఈ మనిషి ఇంట్లో మంచినీళ్ళు అడిగిన రోజు ఒక్కటైనా ఉందా? మిల్లు నుంచి రాగానే టీ. భోజనం అయ్యాక టీ. "నీ చేతి టీ తాగితే ఇక నీళ్ళెందుకే," అనేవాడు. ఆ మాటకు మురిసిపోయి తను మూడోసారి కూడా పొయ్యి వెలిగించేది. పొయ్యి మీద తెర్లిన నీళ్ళు అతనికి, పక్కనే పంపులో పట్టిన నీళ్ళు పాపకి. అతను టీ ఊదుకుంటూ కూర్చుని, ఆమె సీసా గిలకొట్టడం చూస్తూ ఉండేవాడు.

వరండాలో పాప లేచి ఏడుపు అందుకుంది. అలవాటుగా అతనే ముందు కదిలాడు, చేతులు చాస్తూ.

"పిల్లని ముట్టుకోకండి," అంది ఆమె.