కంఠదానము

ఆషాఢమాసమున నొక మధ్యాహ్నము. పడమటి దిక్కున నల్లని మేఘములు క్రమ్ముకొని భాగ్యనగరపు మేడలపై దిగులు గప్పియుండెను గాని వాన చినుకొక్కటియు రాలదయ్యెను. కృష్ణానగరపు ఇరుకు వీథులలో వేషము దొరకినవారును దొరకనివారును ఒక్కరీతిగా చెమటలు కార్చుచు టీకొట్ల ముందర నిలిచియుండిరి. ఆ సందడికి వెనుకప్రక్క నొక మేడ క్రింది యంతస్తున, గోడలకెల్ల మెత్తని యట్టలు తాపబడి, బయటి కూత లోనికి రాక లోని యేడుపు బయటికి పోక, సర్వకాలములయందును నిశ్శబ్దమై యుండు గది యొకటి గలదు. టీవీ ధారావాహికలలోని మొగములకు గొంతుల నతికెడు స్థలమది. డబ్బింగు థియేటరని వాడుక.

ఆ గదిలో మైకు ముందర నిలిచిన యువతి పేరు వకుళ. హిందూపురము పుట్టినిల్లు. తెలుగునాట నిల్లాండ్రు పొయ్యిమీది కూర మాడినను లేవక చూచెడు నొక ప్రసిద్ధ ధారావాహికలో కథానాయిక పలికెడు ప్రతిమాటయు నీమెదే. తెరపై గనబడు మొగము మాత్రము మైసూరునుండి వచ్చిన ఇంచర యను నటీమణిది. ఇంచరకు తెలుగు రాదు. పెదవులాడిన జాలునని దర్శకుడు సెలవిచ్చియుండుటచే నామె షూటింగులో కన్నీరు కార్చుచు నాయకుని మొగము జూచి "ఒందు, ఎరడు, మూరు" అని యంకెలో, "బిసిబేళెబాత్, వాంగీబాత్" అని వంటకముల పేర్లో పలుకుచుండును. వకుళ హెడ్‌ఫోనులలో ఆ పలుకులు వినుచు, ఆ పెదవుల కదలికకు సరిపోవునట్లుగా విరహమును వేదనను నింపుచుండును. పని ముగిసిన పిమ్మట ఆ తొలి శబ్దము తుడిచివేయబడును. లోకమునకు మిగులునది వకుళ కంఠమే.

నాయకపాత్రధారి కిరీటి తెలుగువాడు, తన పాత్రకు తానే గొంతిచ్చుకొనువాడు. ప్రక్కన మనిషి నిలిచి బదులు పలికిన గాని తనకు మాట రాదని పంతము పట్టి, అందరును వేర్వేరుగా జెప్పుకొనెడు నీ కాలమునందును వకుళ ప్రక్కనే మఱియొక మైకు పెట్టించుకొనియెను. అట్లు కొన్ని యేండ్లుగా నతడామెను బ్రాణమనియు, నీవు లేక నేను లేననియు బిలుచుచుండెను. కాగితములో వ్రాసియుండుటచే బిలుచుచుండెను. ఈ సంగతి వకుళ యెఱుగనిది గాదు. ఎఱిగియు ప్రేమించెను. ఇంటివారు తెచ్చిన సంబంధములెల్ల నేదో యొక వంక పెట్టి త్రోసిపుచ్చి, నేడు భోజనవేళ దన మనసులోని మాట చెప్పివేయుదునని గట్టిగా నిశ్చయించుకొని మరీ వచ్చెను.

భోజనమునకు ముందు మిగిలిన దృశ్యమొక్కటే. అందు నాయిక తన చెల్లెలికి బ్రియుని ధారవోయుచున్నది. మన ధారావాహికలలో త్యాగము చేయని యక్కగా రింతవఱకు బుట్టలేదు గదా! వకుళ హెడ్‌ఫోనులు తగిలించుకొనెను. అంకెలు లేవు. వంటకములు లేవు. ఇంచర గొంతు సన్నగా వణకుచు కన్నడమున నొక్కొక్క మాటయే చెప్పుచుండెను. కన్నడసీమ సరిహద్దున బెరిగిన వకుళకు బ్రతి యక్షరమును దెలిసెను. అది పాత్ర మాట గాదు. ఎదుటివానికి దెలియదను ధైర్యముతో, ఎటులైనను తుడిచివేయబడునను ధైర్యముతో, ఒక యాడుది నిజముగా జెప్పుకొనిన మాట. కన్నడమెఱుగని కిరీటి యదియు నేదో వంటకముల వరుసయే యనుకొని తన వంతునకై కాచుకొనియుండెను.

వకుళ కాగితములోని పలుకులనే పలికెను.

"నా చెల్లెల్ని చేసుకోండి. మీరిద్దరూ సుఖంగా ఉంటే నాకదే చాలు."

పెదవులకు మాటలు సరిగా గుదిరెను. ఆమెకు దుఃఖము రాలేదు. పన్ను పీకుటకు మత్తుసూది వేసిన పిమ్మట చెంప తనది గానట్లే యామె మనసు మొద్దుబారిపోయెను.

"బాగొచ్చిందమ్మా. అన్నం తినొచ్చాక పాత సౌండు తీసేస్తాను" అని అద్దమవతలినుండి సౌండు ఇంజనీరు యాకోబు చెప్పి బయటికి బోయెను. కిరీటి మాత్రము కదలక నిలిచి గొంతు సవరించుకొనెను.

"వకుళగారూ, ఒక్క మాట అడగనా? నవ్వకూడదు."

"అడగండి."

"ఇంచర గురించి. చెప్పేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో! ఆవిడ మనసులో ఏముందో తెలీక ఆగిపోతున్నాను. ఇన్నేళ్లుగా ఆవిడ గొంతు మీరేగా. మీకేమైనా తెలుసా?"

తెలియదన్న జాలును. యాకోబు తిరిగివచ్చి మీట నొక్కును. ఆ కన్నడపు పలుకులు ఎవరికిని జెందక మాసిపోవును. పిమ్మట నేమో కాలమే వకుళ పక్షమున నిలువవచ్చును. ఆమె యీ లెక్కయంతయు నెఱుగును. తరువాత నామె చేసినదానిని త్యాగమని చదువరులు మెచ్చుకొనవలదు. ఆ పెదవులపై సరియైన యర్థము నుంచుటయే యిన్నాళ్లుగా నామె చేసిన పని. నేడొక్కనాడు తప్పుడర్థము నుంచుట కామెకు జేత గాలేదు. అంతకన్న వేఱు కారణము లేదు.

ఆమె యద్దమవతలికి బోయి, ఆ దృశ్యమును మరల నాడించి, తన హెడ్‌ఫోనులు దెచ్చి కిరీటి చేతికిచ్చెను.

"ఇవి వంటల పేర్లు కావండీ. నాకు కన్నడం వచ్చు. తెలుగులో చెబుతాను, వినండి."

అతడొక చెవికి ఇంచర కంఠమును ఆనించుకొని రెండవ చెవి వకుళకు విడిచెను. ఆమె తెరపై పెదవులను జూచుచు బలికెను.

"మీరు పక్కన లేని రోజు నాకు అన్నం సహించదు. ఈ భాష మీకు రాదు కాబట్టి చెబుతున్నాను. వస్తే చెప్పేదాన్ని కాదు. మిమ్మల్ని ప్రేమిస్తున్నాను."

కిరీటి కన్నులు మూసికొనెను. మొగమంతయు వెలిగెను. హెడ్‌ఫోనులు తీసి ప్రక్కనబెట్టి పసివానివలె బ్రతిమాలెను.

"ఇంకొక్కసారి చెప్పరూ?"

మఱియొకసారి యనిన లేదనుట యా వృత్తిలో లేదు. అయితే ఇంచర సుకుమారమైన మొగమునకు దగినట్లుగా వకుళ యెల్లప్పుడును దన గొంతును సన్నముచేసి చెప్పుచుండును. ఈ మాఱు ఆ సన్నదనమును విడిచిపెట్టెను. కొంచెము బొంగురై, కొంచెము లోతై, తల్లితోడను తోబుట్టువులతోడను మాటలాడెడు తన సొంత గొంతుతో, తెర వంక జూడక యతని వంకనే చూచి, ఆ మాటలనే మొదటినుండి తుదివఱకు మెల్లగా జెప్పెను.

కిరీటి కన్నులు మూసియే వినెను. వెనుకటి చిఱునవ్వే నవ్వెను. భేదమేమియు నతనికి దోపలేదు.

"మీ మేలు ఈ జన్మలో మరిచిపోలేను వకుళగారూ!" అని చేతులు జోడించి పరుగున బోయెను.

పరుల కొఱకు బలికి పలికి యలవాటుపడిన కంఠము తన మాట తాను జెప్పుకొనిన నాడును అది పరుల మాటగనే వినబడును. వకుళ సీసా యెత్తి నీళ్లు త్రాగెను. తరువాతి దృశ్యములో నాయికకు నవ్వు గలదు. యాకోబు వచ్చువఱకు ఆ నవ్వును రెండుమాఱులు సన్నగొంతుతో నవ్వి చూచుకొని, సరిగానే వచ్చినదని తలయూచెను.