ఒకవేళమ్మ బీమా బేరం

వీధిలో అందరూ ఆమెను ఒకవేళమ్మ అంటారు. ముఖం మీద అనరు గానీ ఆమెకు తెలుసు. పాలు పొయ్యి మీద పెట్టినా, కూతురు గుమ్మం దాటినా ఆమె మాట ‘ఒకవేళ’తోనే మొదలవుతుంది. వాన లేనప్పుడు గొడుగు పట్టుకెళ్తుంది. వాన పడితే పిడుగు సంగతేమిటని అడుగుతుంది.

అలాంటి మనిషి ఇంటికి కారొచ్చింది. పాతదే. చిన్నకూతురు కొంత కూడబెట్టి, కొంత అప్పు చేసి కొనుక్కుంది. ఆసుపత్రి పక్కన మందుల గోదాములో ఆ పిల్ల ఉద్యోగం. దారిలో ముగ్గురు నర్సులను ఎక్కించుకుని వెళ్తుంది. వాళ్ళు నెలకింతని చేతిలో పెడతారు. ఆ డబ్బుతోనే కారు వాయిదా గడుస్తోంది.

కారు బీమా గడువు ఈ వారంతో సరి అని తెలిసిన దగ్గర్నుంచీ ఒకవేళమ్మకు అన్నం సయించలేదు. కూతురిని వెంటబెట్టుకుని మరిది ఆఫీసుకు బయల్దేరింది.

మరిది బీమా ఏజెంటు. మెట్ల కింద ఇరుకు గది, ఒక బల్ల, ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్యాను. మంచినీళ్ళ డబ్బా మాత్రం బయట వరండాలో ఉంటుంది. దానికో కారణముంది. వచ్చినవాళ్ళు నోరు జారి చెప్పకూడని నిజం చెప్పినప్పుడల్లా అతనికి దాహం వేస్తుంది. అతను తాగి తిరిగొచ్చేలోపు వాళ్ళు మాట మార్చుకోవాలి. ఇద్దరి మర్యాదా నిలబడుతుంది.

“చవకది చాలు బాబాయ్. పోలీసులు ఆపితే చూపించడానికి,” అంది కూతురు.

“చవకదంటే?” అంది ఒకవేళమ్మ.

“మన బండి ఎవరికైనా తగిలితే వాళ్ళకి కంపెనీ ఇస్తుందొదినా.”

“మరి మనకి?”

“మనకేం రాదు.”

“బండికి?”

“బండికీ రాదు.”

“అంటే ఊళ్ళోవాళ్ళ కోసం డబ్బు కట్టి, మనం మాత్రం రోడ్డు మీద ముక్కలేరుకోవాలన్నమాట.”

“ముక్కలేంటమ్మా, పొద్దున్నే!” అంది కూతురు.

“పెద్ద పాలసీ ఉందిలే వదినా. మన బండి దెబ్బకీ, దొంగతనానికీ, నిప్పుకీ, వరదకీ అన్నిటికీ వస్తుంది.”

“ఒకవేళ చెట్టు పడితే?”

“వస్తుంది.”

“ఒకవేళ బండి ఆగి ఉన్నప్పుడు పడితే?”

“చెట్టుకి ఆ పట్టింపు లేదొదినా. వస్తుంది.”

“ఒకవేళ ఇంజన్లోకి నీళ్ళు పోతే?”

“దానికి విడిగా కట్టాలి. నీళ్ళలో ఆగిన బండిని అక్కడే స్టార్టు చేస్తే మామూలు పాలసీలో పైసా రాదు.”

ఒకవేళమ్మ కూతురి వైపు తిరిగింది. “విన్నావా? నీళ్ళలో స్టార్టు చెయ్యకు.”

బయట ఎండ రోడ్డును పెనంలా కాలుస్తోంది.

“పగిలిన సామాను మారిస్తే మొత్తం ఇస్తారా?”

“అరుగుదల కింద కొంత కోస్తారు. బండికి వయసొచ్చింది కదా. కొయ్యకూడదంటే ఇంకాస్త కట్టాలి.”

“వయసొస్తే ఎవరికైనా కోతేలే. కట్టు. మరి నడిపే మనిషికి?”

“అదీ లెక్కలో వేశా.”

“కట్టేది నేను బాబాయ్,” అని గుర్తుచేసింది కూతురు.

“ఇంకొక్కటే,” అంది ఒకవేళమ్మ. “ఒకవేళ వెనక కూర్చున్న నర్సమ్మ చెయ్యి విరిగితే? పాపం, నెలనెలా డబ్బిచ్చి ఎక్కేవాళ్ళాయె.”

కూతురు బల్ల కింద తల్లి కాలు తొక్కింది. మరిదికి దాహం వేసింది.

“నీళ్ళు తాగొస్తా వదినా. ఫ్యాను చప్పుడుకి నాకేం వినపడలేదు.”

“ఫ్యాను తిరగట్లేదయ్యా,” అంది ఒకవేళమ్మ. అతను ఆగకుండా వరండాలోకి వెళ్ళిపోయాడు. వినపడలేదన్నాడు కదా అని ఆమె గొంతు పెంచింది. “డబ్బు తీసుకుని ఎక్కించుకుంటోందీ!”

వరండాలో గ్లాసు కింద పడిన చప్పుడైంది.

అతను తడిసిన చొక్కాతో తిరిగొచ్చి కూర్చున్నాడు. “సొంత బండి పాలసీ సొంత వాడకానికేనొదినా. బాడుగ తీసుకున్నారని తేలితే కంపెనీ చేతులు దులుపుకుంటుంది. బాడుగ బండిగా మార్పించి, దానికి తగ్గ పాలసీ కట్టాలి. అది చాలా ఎక్కువవుతుంది.”

“అమ్మ చెప్పకపోతే ఎలా తేలేది?” అంది కూతురు. “ముగ్గురూ నా స్నేహితులే అంటారు.”

“చెయ్యి విరిగేదాకా స్నేహితులేనమ్మా. ఆ తర్వాత వాళ్ళింట్లోవాళ్ళొస్తారు.”

కూతురి మొహం చిన్నబోయింది. “డబ్బు పెంచితే వాళ్ళు బస్సెక్కేస్తారు బాబాయ్. వాయిదా కట్టలేక బండి అమ్ముకోవాలి. అప్పుడు మీ ఇద్దరికీ ఏ భయమూ ఉండదు.”

ఒకవేళమ్మ కూతురి ఫోను లాక్కుని ముగ్గురిలో పెద్ద నర్సుకు చేసింది. మాటలు అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టింది.

“అమ్మా, నేను కారు పిల్ల తల్లిని. ఒకవేళ మీ చెయ్యి విరిగితే...”

“ఏ చెయ్యండీ?” అంది నర్సు.

“ఏదైనా. రెండూ అనుకోండి.”

కూతురు తల పట్టుకుంది. ఒకవేళమ్మ మాత్రం ఉన్నదున్నట్టు చెప్పింది. ఇప్పుడున్న బీమాతో ఎవరూ ఏమీ ఇవ్వరనీ, ఇంకోదానితో ఇస్తారనీ, ఆ ఇంకోదానికి మనిషికింత పెంచాలనీ.

అటువైపు స్ట్రెచర్ చక్రాల చప్పుడు దాటిపోయింది.

“నేను ఎముకల వార్డులోనే పనిచేస్తానండీ,” అంది నర్సు. “మీరు విడమర్చి చెప్పక్కర్లేదు. మేమిద్దరం ఇస్తాం. మూడో ఆవిడ సంగతి నేను చెప్పలేను, బేరం లేకుండా ఆవిడ మాత్ర కూడా మింగదు.”

కూతురు వేళ్ళ మీద లెక్కేసుకుంది. ఇద్దరితో ఇరుకే. అయినా గడుస్తుంది. బండి అమ్మక్కర్లేదు. మళ్ళీ లెక్కేసి, “సరే బాబాయ్, మార్పించండి,” అంది.

“మార్పు అయ్యేదాకా ఎవరి దగ్గరా పైసా తీసుకోకు,” అన్నాడు మరిది కలం అందుకుంటూ.

“అయితే అన్నిటికీ కట్టినట్టేగా?” అంది ఒకవేళమ్మ.

“కట్టినట్టేనొదినా.”

“ఇంక దీనికేం జరగదు.”

మరిది కలం ఆపాడు. “జరగొచ్చు. జరిగితే డబ్బొస్తుంది.”

“డబ్బెవరడిగారయ్యా? పిల్ల సంగతడుగుతున్నా. జరక్కుండా ఉండే పాలసీ లేదా?”

“ఏ కంపెనీలోనూ లేదొదినా.”

ఒకవేళమ్మ కూతురి వైపు చూసింది. ఆ పిల్ల తాళాలు వేలికి తగిలించుకుని అప్పుడే కుర్చీలోంచి లేస్తోంది.

“సరే,” అంది ఒకవేళమ్మ. “ఉన్నదే రాయి.”