ఎర్రదారం చొక్కా

“అత్తయ్యా, నా పాలతో బిడ్డకు అంటుకుంటే?”

పాప ఇంకా కడుపులో ఉండగానే అడిగాను. కుట్టుమిషన్ దగ్గరున్న అత్తయ్య తలెత్తలేదు. మిషన్ మాత్రం టకటకా జవాబు చెప్పింది.

నాకు హెచ్ఐవి ఉంది. ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఆడపడుచుకూ ఇదే జబ్బు. ఆమె కాన్పునాటికి ఆస్పత్రిలో చనుబాలు వద్దు, డబ్బాపాలు పట్టమన్నారు. “వాళ్లు చెప్పినట్టే చెయ్యవే” అని అత్తయ్యే కూతుర్ని ఒప్పించి, తన చేత్తోనే కలిపి పట్టింది. పిల్లాడికి జబ్బు అంటలేదు. విరేచనాలు పట్టుకుని పోయాడు. అప్పటినుంచి పసిపిల్లలకు ఏం పెట్టాలని ఎవరడిగినా ఆవిడ పెదవి విప్పదు.

ఆస్పత్రి నర్సమ్మ దగ్గరికెళ్లాను. “అప్పుడు మా ఆడపడుచుకు వద్దన్నారు, ఇప్పుడు నన్ను ఇవ్వమంటున్నారు. ఏ మాట నమ్మమంటారు?”

“అప్పుడు తల్లులకు రోజూ వేసుకునే ఈ మాత్రలు అందేవి కావమ్మా. నువ్వు మానకుండా వేసుకుంటే పాలతో అంటుకోవడం చాలా తక్కువ. కానీ ఆరు నెలలు నీ పాలే. నీళ్లు, తేనె, డబ్బాపాలు ఏవీ కలపొద్దు. కలిపితే పసిపేగు దెబ్బతిని జబ్బుకు దారిస్తుంది.”

“చాలా తక్కువా? అసలు లేదనొచ్చు కదా?”

“అబద్ధం చెప్పమంటావా?”

ఆ ‘చాలా తక్కువ’ను కొంగున కట్టుకుని ఇంటికొచ్చి, నర్సమ్మ మాటలన్నీ అత్తయ్యకు చెప్పాను.

పాప పుట్టింది. తుమ్మితే భయం, తుమ్మకపోతే భయం. పాలు తాగుతుంటే జబ్బు తాగుతోందేమోనని. తాగనంటే దానికి తెలిసిపోయిందేమోనని!

పొరుగింటి పిన్నిగారు గ్లాసులో పంచదార నీళ్లు, చెంచా పట్టుకుని వచ్చేసింది. “ఇంత ఎండలో పసిదాని గొంతు తడపవేమే, రాతిగుండెదానా!”

వద్దంటే ఎందుకని అడుగుతుంది. ఎందుకో చెబితే వీధంతా తెలుస్తుంది. చెంచా పాప పెదవుల దాకా వచ్చింది.

మిషన్ ఆగింది. అత్తయ్య లేచి, అప్పుడే దారం తెంచిన చిన్న చొక్కా తెచ్చి పాపకు తొడిగింది. గుండెల మీద ఎర్రదారంతో అక్షరాలు: ‘నాకు అమ్మపాలు చాలు. ఇంకేమీ పెట్టొద్దు.’

“ఓయమ్మో, పుట్టీపుట్టగానే బోర్డు పెట్టేసిందే!” అని పిన్నిగారు పడీపడీ నవ్వి, పంచదార నీళ్లు తానే తాగేసింది.

పాప ఎదిగేకొద్దీ కొత్త చొక్కా వచ్చేది. అక్షరాలు అవే. ఆరు నెలలు నిండాక మాత్రం మారాయి: ‘ఇక ముద్ద కూడా పెట్టొచ్చు.’ కుట్టిన మనిషి నోటితో పెట్టమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

పాలు మాన్పించాక చివరి పరీక్ష చేశారు. నర్సమ్మ నవ్వుతూ బయటికొస్తే, ఓదార్చడానికే నవ్వుతోందనుకుని గోడ పట్టుకున్నాను.

“పాపకు హెచ్ఐవి లేదు.”

“మళ్లీ చెప్పండి.”

చెప్పింది. ఇంకోసారి చెప్పించుకున్నాను. బస్సు సంగతే మరిచి, పాపను భుజాన వేసుకుని, ఊరేగింపులో ఉన్నట్టు నడిరోడ్డున నడిచొచ్చాను. ఆటోవాళ్లు తిట్టారు. తిట్టనీ!

“అత్తయ్యా! దీనికేమీ లేదు! నా పాలే తాగింది, ఏమీ అంటలేదు!”

మిషన్ ఇంకాసేపు తిరిగింది. తర్వాత ఆగింది. అత్తయ్య పాపను ఒళ్లోకి తీసుకుని, చొక్కా మీది అక్షరాలను వేలితో తడిమింది. కళ్లు తుడుచుకుంది.

“రేపు రెండో బిడ్డ పుడితే దానికీ నీ పాలే ఇవ్వు,” అంది. “చొక్కాలు నేను కుడతా.”